పది మందితో చేసే ఫీల్డ్‌వర్క్ డిసర్టేషన్‌కి సరిపోతుందా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ముందు ఒకసారి చెప్పుకుంటాను. మీరు ఎం.ఏ. సోషియాలజీ చివరి సెమిస్టర్‌లో ఉన్నారు. యాప్‌ల ద్వారా డెలివరీ పని చేసేవాళ్ళ మీద డిసర్టేషన్ రాయాలి. చేతిలో మూడు నెలలున్నాయి. పది పన్నెండు మందిని ఇంటర్వ్యూ చేద్దామనుకున్నారు. ఇప్పటికి ఇద్దరితో మాట్లాడితే రెండూ పది నిమిషాల్లోనే ముగిసిపోయాయి. పక్కన క్లాస్‌మేట్లు రెండు వందల మందితో సర్వే చేస్తుంటే మీది ఊరికే కబుర్లు చెప్పుకున్నట్టు అనిపిస్తోంది. ఇంత తక్కువ మంది సరిపోతారా, వాళ్ళను మాట్లాడించడం ఎలా, చివరికి దాన్ని రాయడం ఎలా అన్నది మీ టెన్షన్.

పది మంది సరిపోతారు. అయితే మూడు పనులు జరగాలి. మీ ప్రశ్న ఇరుకుగా ఉండాలి. చూసిందీ విన్నదీ ఆ రోజు రాత్రికే రాసిపెట్టుకోవాలి. విశ్లేషణ మొదటి ఇంటర్వ్యూ రోజునే మొదలుకావాలి. ఈ మూడూ జరిగితే ఎనిమిది మందితో కూడా మంచి డిసర్టేషన్ వస్తుంది. జరగకపోతే నలభై మందిని కలిసినా చేతిలో మిగిలేది రికార్డింగుల గుట్టే. నేను పద్నాలుగేళ్ళుగా ఇలాంటి పరిశోధనే చేస్తున్నాను, కొన్నేళ్ళుగా విద్యార్థులకు గైడ్‌గా ఉన్నాను. డిసర్టేషన్లు దెబ్బతినడం చాలానే చూశాను. వాటిలో మనుషుల సంఖ్య తక్కువై దెబ్బతిన్నది ఒక్కటీ గుర్తు రావడం లేదు. దాదాపు అన్నీ ఈ మూడింట్లో ఏదో ఒక దగ్గర జారినవే.

సంఖ్య గురించి ముందు చెప్తాను, ఎందుకంటే వైవాలో మిమ్మల్ని మొదట అడిగేది అదే. ఘానా, నైజీరియా దేశాల్లో 60 మంది స్త్రీలతో చేసిన ఇంటర్వ్యూలను తీసుకుని, కొత్త విషయాలు రావడం ఎక్కడ ఆగిపోయిందో ముగ్గురు పరిశోధకులు (గెస్ట్, బన్స్, జాన్సన్) లెక్కగట్టి 2006లో ప్రచురించారు. మొత్తం కోడ్‌లలో (ఇంటర్వ్యూల్లో వచ్చే ఒక్కో విషయానికి పరిశోధకులు పెట్టుకునే చిన్న పేర్లు) 73 శాతం తొలి ఆరు ఇంటర్వ్యూల్లోనే కనిపించాయి, పన్నెండు పూర్తయ్యేసరికి 92 శాతం వచ్చేశాయి. ఈ ఫలితాన్ని చాలామంది ‘పన్నెండు చాలు’ అనే ఒక్క ముక్కగా వాడేస్తారు. మీరు అలా వాడకండి. అక్కడ ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్ళ పరిస్థితులు చాలావరకు ఒకేలాంటివి, అడిగిన ప్రశ్నలూ ఒకే విషయం చుట్టూ తిరిగినవి. మీరు ఎంచుకునే పది మందికీ ఒక ఉమ్మడి అనుభవం ఉండి, మీరు దాని గురించే అడిగితే ఆ లెక్క మీకు వర్తిస్తుంది. పది మందిని పది రకాల సంగతులు అడిగితే వర్తించదు. అందుకే సంఖ్య ప్రశ్నకు అసలు జవాబు మీ పరిశోధన ప్రశ్నలో ఉంటుంది.

‘డెలివరీ పనివాళ్ళ జీవన పరిస్థితులు’ అని మీరు రాశారు. అది ఒక పుస్తకానికి సరిపడే విషయం, దాని మీద పది మందితో ఏమీ తేల్చలేం. దాన్ని చెక్కుతూ వెళ్ళండి. వాళ్ళ జీవితంలో ఏ ఒక్క ఘడియ మీకు అంతుపట్టడం లేదు? ఉదాహరణకు, యాప్‌లో రేటింగ్ పడిపోయిన రోజు. ఆ రోజు వాళ్ళు ఏం చేస్తారు, ఎవరికి చెప్పుకుంటారు, మళ్ళీ పెంచుకోవడానికి ఏయే ఉపాయాలు పడతారు? ఇది మూడు నెలల్లో, పది మందితో, లోతుగా చెప్పగలిగిన ప్రశ్న. పైగా దీని లోపల నుంచే డబ్బు, సమయం, అవమానం, స్నేహం, కుటుంబం అన్నీ వాటంతట అవే బయటికొస్తాయి. నా విద్యార్థులకు ఒక పరీక్ష పెడతాను: మీ ప్రశ్నను ఆ పని చేసే మనిషికే మామూలు మాటల్లో చెప్పి చూడండి. ‘ఓ, దాని గురించా!’ అని అతను వెంటనే ఏదో ఒక సంఘటన చెప్పడం మొదలుపెడితే ప్రశ్న కుదిరినట్టు. ‘దాని గురించి ఏం చెప్పమంటారు?’ అంటే ఇంకా చెక్కాలి.

ఇక ఎవరిని ఎంచుకోవాలి. సర్వేలో లాగా లాటరీ వేసి తీయడం ఇక్కడ అవసరం లేదు. మీ ప్రశ్నకు సంబంధించి ఒకరికొకరు తేడాగా ఉన్నవాళ్ళను కావాలని వెతికి పట్టుకోవాలి. కొత్తగా చేరినవారు, ఏళ్ళ తరబడి చేస్తున్నవారు, ఇదే పూర్తి జీవనాధారమైనవారు, చదువుకుంటూ పక్కపనిగా చేసేవారు, ఈ పని మానేసినవారు. ఆఖరివాళ్ళను అందరూ మర్చిపోతారు. పని వదిలేసిన మనిషికి దాచుకోవాల్సింది తక్కువ, వెనక్కి తిరిగి చూసి చెప్పగలిగింది ఎక్కువ. కనీసం ఇద్దరినైనా కలవండి.

ఒకరి ద్వారా ఇంకొకరిని పట్టుకుంటూ వెళ్ళే పద్ధతి సులువే, కానీ అందులో ఒక గొయ్యి ఉంది. నేను అందులో పడ్డాను. ఒక పెద్ద ఆసుపత్రిలో రోగుల వెంట ఉండే బంధువుల మీద నా మొదటి పరిశోధన. వార్డు బయట పరిచయమైన ఒకావిడ నన్ను ఇంకొకరికి, ఆవిడ మరొకరికి పరిచయం చేశారు. ఐదు ఇంటర్వ్యూలు అయ్యేసరికి నాకు ఒక అందమైన తీర్మానం తయారైపోయింది: రోగి పక్కన ఉండేవాళ్ళు ఒకరికొకరు ఆసరాగా చిన్న కుటుంబంలా మారిపోతారు. అధ్యాయానికి పేరు కూడా పెట్టేసుకున్నాను. ఒక రోజు లిఫ్ట్ పని చేయక మెట్ల మీదుగా వెళ్తుంటే, పై అంతస్తుకు వెళ్ళే మలుపులో ఒక నడివయసు మనిషి ఒంటరిగా కూర్చుని కనిపించాడు. పదకొండు రోజులుగా అక్కడే ఉంటున్నాడట. తన భార్యకున్న జబ్బు గురించి ఎవరైనా అడుగుతారేమోనని వార్డు బయట కూర్చోవడమే మానేశాడు. నేను కలిసిన ఐదుగురూ ఒకరికొకరు తెలిసినవాళ్ళు, అంటే కలిసిమెలిసి ఉన్నవాళ్ళు మాత్రమే. కలవనివాళ్ళు ఆ గొలుసులోకి ఎలా వస్తారు? ఆ మెట్ల దగ్గరి మనిషి వల్ల నా పరిశోధన మొత్తం మలుపు తిరిగింది. గొలుసు ఒక్కటే ఉంటే ఒకే కథ వస్తుంది. కనీసం మూడు వేరువేరు చోట్ల నుంచి మొదలుపెట్టండి.

మీరు మాట్లాడిన ఇద్దరూ పది నిమిషాల్లో ఎందుకు ఆగిపోయారన్నది ఇప్పుడు చూద్దాం. మీరు పంపిన ప్రశ్నల జాబితా చదివాను. ‘ఈ పనిలో ఒత్తిడి ఉందా?’, ‘యాజమాన్యం మీతో న్యాయంగా ఉంటుందా?’, ‘ఈ పని ఎందుకు ఎంచుకున్నారు?’ మొదటి రెండింటికీ ఉంది, లేదు అంటే అయిపోతుంది. మూడోది ఇంకా చిక్కు. ‘ఎందుకు’ అనగానే ఎదుటి మనిషి సంజాయిషీ ఇవ్వాల్సిన చోట నిలబడతాడు. గౌరవంగా వినిపించే ఒక కారణం వెతికి చెప్తాడు, అక్కడితో మాట ఆగిపోతుంది. ‘ఎందుకు’ బదులు ‘ఎలా’ అని అడగమని అమెరికన్ సోషియాలజిస్టు హోవర్డ్ బెకర్ ఇచ్చిన సలహా నా చేతిలో ఎప్పుడూ పని చేసింది. ‘ఈ పనిలోకి ఎలా వచ్చారు?’ అని అడగండి. అప్పుడు వచ్చేది కథ. ఎవరు చెప్పారు, అప్పుడు ఇంట్లో పరిస్థితి ఏమిటి, మొదటి రోజు ఏమైంది, అన్నీ వరసగా వస్తాయి.

రెండో మార్పు, అభిప్రాయాలు అడగడం తగ్గించి రోజులను అడగండి. ‘సాధారణంగా మీ రోజు ఎలా ఉంటుంది?’ కంటే ‘నిన్న పొద్దున లేచిన దగ్గర నుంచి చెప్పండి’ ఎంతో మేలు. ‘సాధారణంగా’ అంటే మనిషి సగటు తీసి, గరుకంతా నున్నగా చేసి చెప్తాడు. నిన్న అంటే నిన్ననే చెప్పాలి. ఎన్నింటికి ఫోన్ ఆన్ చేశాడు, మొదటి ఆర్డర్ కోసం ఎక్కడ నిలబడ్డాడు, ఎంతసేపు ఏమీ రాలేదు, ఆ ఖాళీలో ఏం చేశాడు. మీకు కావలసిన ఒత్తిడి, న్యాయం, అన్యాయం ఆ వివరాల్లోనే ఉంటాయి. వాటికి పేర్లు పెట్టే పని మీది, అతనిది కాదు. ‘ఒత్తిడి’, ‘దోపిడీ’, ‘గుర్తింపు’ లాంటి మాటలు మీ నోట ముందుగా వస్తే అతను వాటినే తిప్పి మీకు అప్పజెప్తాడు. తర్వాత మీరు దాన్ని చూసి ‘వాళ్ళే దోపిడీ అన్నారు’ అని రాస్తారు. ఇది కావాలని చేసే మోసం కాదు, కానీ ఫలితం దాదాపు అలాగే ఉంటుంది.

ఫోన్ వాళ్ళ చేతిలోనే ఉంటుంది కాబట్టి ఇంకొక మంచి దారి ఉంది. వాళ్ళకు ఇష్టమైతే యాప్ తెరిచి చూపించమనండి. ‘ఈ తెర మీద మీరు ముందు ఏం చూస్తారు?’ అని అడగండి. ఊరికే అడిగితే రాని మాటలు, చేతిలో వస్తువు ఉంటే వస్తాయి. కస్టమర్ల పేర్లూ నంబర్లూ కనిపించే భాగాలను మాత్రం చూపించవద్దని మీరే ముందుగా చెప్పండి. వాటిని ఫోటో తీయకండి, రాసుకోకండి.

మౌనానికి భయపడకండి. కొత్తవాళ్ళంతా చేసే తప్పిది. మనిషి ఆగగానే మనం తర్వాతి ప్రశ్న వేసేస్తాం. నా పాత రికార్డింగులు వింటే, ఎదుటివాళ్ళు ఊపిరి తీసుకున్న ప్రతిచోటా నా గొంతే ఉంది. ఒకామె ‘ఆ రోజు మాత్రం...’ అని ఆగితే, నేను వెంటనే ‘సరే, ఆసుపత్రిలో భోజనం ఎలా ఉంటుంది?’ అని అడిగాను. ఆ రోజు ఏమైందో నాకు ఎప్పటికీ తెలియలేదు. ఇంటర్వ్యూ అంటే నాకు ఇప్పటికీ ముందుగా గుర్తొచ్చేది ఆ వాక్యమే. మనిషి ఆగితే మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టండి. చాలాసార్లు మూడో అంకెకే మాట మళ్ళీ మొదలవుతుంది.

రికార్డర్ ఆపాక వచ్చే మాటలు మరో సంగతి. లేచి చెప్పులు వేసుకునేటప్పుడు, బండి దాకా నడిచేటప్పుడు అసలు విషయం బయటికొస్తుంది. అవి వాడుకోవాలంటే అప్పుడే అడగాలి: ‘ఇప్పుడు చెప్పింది కూడా రాసుకోవచ్చా?’ సరే అంటే ఇంటికి రాగానే రాయండి. వద్దంటే అది ఆ మనిషి నమ్మి చెప్పిన మాట, అక్కడితో వదిలేయండి.

అయితే ఇంటర్వ్యూ ఒక్కటే ఫీల్డ్‌వర్క్ కాదు. ముందు అక్కడ ఉండటం నేర్చుకోవాలి. డెలివరీ వాళ్ళు ఆర్డర్ల కోసం గుమిగూడే చోట్లుంటాయి. మొదటి వారం ఎవరినీ ఇంటర్వ్యూ అడగకండి. మీరెవరో, ఏం చదువుతున్నారో, ఎందుకు వచ్చారో స్పష్టంగా చెప్పి, రోజుకు రెండు గంటలు అక్కడ ఉండండి. ఒక రోజు పొద్దున, ఒక రోజు మధ్యాహ్నం, ఒక రోజు రాత్రి, ఒక రోజు వర్షంలో. విలియం ఫుట్ వైట్ అనే సోషియాలజిస్టు 1930ల చివర్లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఇటాలియన్ వలస కుటుంబాల పేటలో ఉండి పరిశోధన చేశాడు. ఒకసారి తొందరపడి ఒక అడగకూడని ప్రశ్న అడిగితే అక్కడి వాతావరణమే చల్లబడిపోయింది. అతన్ని అక్కడికి తీసుకెళ్ళిన స్థానికుడు తర్వాత అతనికి చెప్పిందేమిటంటే, ఈ ఎవరు, ఎందుకు, ఎప్పుడు అనే ప్రశ్నలు కాస్త తగ్గించు, మనుషులు నిన్ను ఒప్పుకుంటే ఊరికే వాళ్ళతో కలిసి తిరుగు, అడగకుండానే జవాబులు తెలుస్తాయి అని. మూడు నెలల్లో మీరు వైట్‌లా ఏళ్ళ తరబడి ఉండలేరు. కానీ ఒక్క వారం ముందుగా వెళ్ళి కూర్చున్నా మీ ప్రశ్నల జాబితా సగం మారిపోతుంది. ఇది ఖాయంగా చెప్పగలను.

ఇక రాయడం. ఈ సమాధానంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఈ పేరా గుర్తుపెట్టుకోండి. ఫీల్డ్ నుంచి వచ్చిన రోజే, నిద్రపోకముందే రాయాలి. అక్కడ ఉన్నప్పుడు చిన్న పుస్తకంలోనో ఫోన్‌లోనో ముక్కలు ముక్కలుగా పదాలు రాసుకోండి: ‘నీలం హెల్మెట్, మూడుసార్లు ఫోన్ చూశాడు, అప్పు మాట రాగానే నవ్వు’. రాత్రికి వాటిని పూర్తి వాక్యాలుగా విప్పండి. తెల్లారితే ఆ ముక్కల్లో సగం మీకే అర్థం కావు. దారిలో ఎవరితోనూ ఆ సంగతులు మాట్లాడకండి, ఒకసారి నోటితో చెప్పేస్తే రాయడానికి చెయ్యి సాగదు. రెండు గంటలు ఫీల్డ్‌లో ఉంటే కనీసం రెండు గంటలు రాయడానికి పెట్టుకోవాలి. అంటే రోజంతా తిరగడం మీకు కుదరదు, తిరగకూడదు కూడా.

నోట్స్‌లో మూడు రకాల సంగతులు కలిసిపోకుండా చూసుకోండి. కంటితో చూసింది, చెవితో విన్నది ఒక చోట. దాని గురించి మీకు కలిగిన ఆలోచన మరో చోట. మీ సొంత మనస్థితి ఇంకో చోట. ‘అతను చిరాకుగా ఉన్నాడు’ అన్నది మీ ఊహ. ‘ఫోన్‌ను సీటు మీద గట్టిగా పెట్టాడు, నా వైపు చూడకుండా జవాబిచ్చాడు’ అన్నది మీరు చూసింది. రెండోది రాసుంటే నెల తర్వాత కూడా దాన్ని మళ్ళీ కొత్తగా ఆలోచించుకోవచ్చు. మొదటిది రాస్తే ఆ రోజు ఊహే శాశ్వతంగా మిగిలిపోతుంది. మనస్థితి కూడా ఎందుకంటారా? ఫీల్డ్‌వర్క్‌కు పెద్ద దిక్కుగా చెప్పుకునే ఆంత్రోపాలజిస్టు మలినోవ్‌స్కీ సొంత డైరీ ఆయన చనిపోయాక 1967లో అచ్చయింది. అందులో ఒంటరితనం, విసుగు, తాను పరిశోధించే మనుషుల మీద కోపం నిండుగా ఉన్నాయి. అంతటి మనిషికే అవన్నీ ఉంటే మనకూ ఉంటాయి. ఎవరి మీద విసుగు పుట్టిందో, ఎవరు బాగా నచ్చారో రాసి పెట్టుకుంటే, తర్వాత మీ విశ్లేషణలో ఎవరి మాట ఎక్కువ మోగుతోందో, అది ఎందుకో మీకే కనిపిస్తుంది.

కాపీల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మన దేశపు సోషియాలజిస్టు ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూరు ప్రాంతంలోని రాంపుర అనే ఊళ్ళో ఉండి చేసిన పరిశోధన నోట్స్‌ను ఏళ్ళ తరబడి వర్గీకరించి పెట్టుకున్నారు. 1970 ఏప్రిల్‌లో ఆయన అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో ఉండగా అక్కడ జరిగిన దహనకాండలో ఆ వర్గీకరించిన నోట్స్ మూడు కాపీలూ కాలిపోయాయి. మూడూ ఒకే గదిలో ఉన్నాయి. తర్వాత ఆయన ప్రధానంగా జ్ఞాపకం మీద ఆధారపడి పుస్తకం రాశారు, అది గొప్ప పుస్తకమైంది. కానీ ఆ జ్ఞాపకం వెనుక ఇరవై ఏళ్ళకు పైగా ఆ నోట్స్‌తో చేసిన కాపురం ఉంది. మీకూ నాకూ అది లేదు. కాబట్టి రికార్డింగులూ నోట్సూ పాస్‌వర్డ్ పెట్టి రెండు వేరువేరు చోట్ల దాచండి. పేర్లూ ఫోన్ నంబర్లూ ఉన్న కాగితం మాత్రం వాటితో కలపకుండా విడిగా పెట్టండి.

ట్రాన్స్‌క్రిప్షన్‌కి, అంటే రికార్డింగ్ విని మాటలను ఉన్నవున్నట్టు టైప్ చేయడానికి పట్టే సమయాన్ని అందరూ తక్కువగా అంచనా వేస్తారు. గంట ఇంటర్వ్యూకి మామూలుగా నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. రోడ్డు మీద రికార్డ్ చేసిందైతే ఇంకా ఎక్కువ. సాఫ్ట్‌వేర్‌తో చేయిద్దామనిపిస్తుంది. చేయించాలనుకుంటే రెండు ప్రశ్నలు వేసుకోండి: ఆ గొంతు ఎవరి సర్వర్‌కి వెళ్తోంది? దానికి ఆ మనిషి ఒప్పుకున్నాడా? ఒప్పుకున్నా సరే, మొదటి మూడు ఇంటర్వ్యూలు మాత్రం మీరే విని, మీ చేతులతో టైప్ చేయండి. ఎక్కడ తడబడ్డాడో, ఎక్కడ గొంతు మారిందో వింటుంటేనే విశ్లేషణ మొదలవుతుంది.

నైతిక విషయాల గురించి మీరు అడగలేదు, కానీ అది అడగకపోయినా చెప్పాల్సిందే. మీ సంస్థలో ఎథిక్స్ కమిటీ (పరిశోధన నైతికంగా ఉందో లేదో చూసే కమిటీ) అనుమతి కావాలంటే అది చేతికొచ్చాకే మొదలుపెట్టండి, ముందు చేసేసి తర్వాత తెచ్చుకోవడం కుదరదు. కమిటీ లేకపోయినా మీ బాధ్యత తగ్గదు. మనుషుల మీద చేసే పరిశోధనల గురించి అమెరికాలో 1979లో వచ్చిన బెల్‌మాంట్ నివేదిక చెప్పిన మూడు సూత్రాలు, మనిషిని గౌరవించడం, కీడు జరగకుండా చూసి మేలు కోరడం, భారం ఒకరి మీద లాభం మరొకరికి పడకుండా న్యాయం పాటించడం, చిన్న డిసర్టేషన్‌కీ వర్తిస్తాయి. ఆచరణలో ఇవి ఇలా ఉంటాయి: ఎందుకు చేస్తున్నారో, రికార్డింగ్ ఎవరు వింటారో, ఎప్పుడు చెరిపేస్తారో ముందే చెప్పండి. ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పకపోవచ్చనీ, మధ్యలో మానేయవచ్చనీ, తర్వాత ఫోన్ చేసి ‘నా మాటలు తీసేయండి’ అనవచ్చనీ చెప్పండి. సంతకం అనగానే భయపడేవాళ్ళుంటారు. కమిటీ ఒప్పుకుంటే నోటిమాటగా సమ్మతి తీసుకుని రికార్డ్ చేసుకోవచ్చు. మీ వల్ల వాళ్ళ రేటింగ్ పెరగదనీ, కంపెనీతో మాట్లాడి ఏమీ చేయించలేరనీ కూడా చెప్పాలి. ఆశ పెట్టి మాట్లాడించకూడదు.

పేరు మార్చినంత మాత్రాన మనిషి దాగడు. నేను ఒక వ్యాసంలో ఒకామె పేరు మార్చాను, వయసు మార్చాను. కానీ ఆమె పాత ఉద్యోగం, పిల్లల సంఖ్య, రోగికి ఆమె ఏమవుతుందో అలాగే ఉంచాను. ఆ వ్యాసం చదివిన వార్డు సిబ్బందిలో ఒకరు ఆమెను గుర్తుపట్టి, సిబ్బంది గురించి ఆమె అన్న మాటను ఆమెనే అడిగారు. ఆమె నాకు ఫోన్ చేసి కోప్పడలేదు. ‘మీరు రాస్తారని తెలుసు, ఇలా తెలిసిపోతుందని తెలియదు’ అంది. క్షమాపణ చెప్పాను, కానీ ఆమెకు జరిగింది వెనక్కి తీసుకోలేకపోయాను. బయటివాళ్ళ నుంచి దాచడం తేలిక. పక్కనే పని చేసేవాళ్ళ నుంచి దాచడమే అసలు పరీక్ష. మీ ఫీల్డ్‌లో ఇది ఇంకా సున్నితం. ఇంకొకరి ఐడీతో బండి నడిపేవాళ్ళు, యాప్ నియమాలు దాటే చిన్న చిన్న ఉపాయాలు మీకు తప్పక తెలుస్తాయి. అవి చదివి కంపెనీ ఒక దారి మూసేస్తే నష్టపోయేది మీతో మాట్లాడినవాళ్ళే. ఉపాయం ఉందని రాయడానికీ, అది ఎలా చేస్తారో మెట్టు మెట్టుగా రాయడానికీ చాలా దూరం ఉంది. మీ వాదనకు మొదటిది సరిపోతే రెండోది రాయకండి.

మాట్లాడుతూ ఎవరైనా కన్నీళ్ళు పెట్టుకుంటే రికార్డర్ ఆపి కూర్చోండి. ‘ఇక్కడితో ఆపేద్దామా?’ అని అడగండి. ఆ ఇంటర్వ్యూ పూర్తి కాకపోతే కాకపోనివ్వండి.

విశ్లేషణ. అన్నీ అయ్యాక ఒకేసారి కూర్చుంటానంటే చివరి నెలలో మునిగిపోతారు. గ్లేజర్, స్ట్రాస్ అనే ఇద్దరు సోషియాలజిస్టులు 1967లో చెప్పిన పద్ధతిలో నాకు బాగా ఉపయోగపడింది ఒకటే: సేకరణ, పోలిక పక్కపక్కనే నడవాలి. మొదటి ఇంటర్వ్యూ టైప్ చేశాక మార్జిన్‌లో ఒక్కో ముక్కకి చిన్న పేరు పెట్టండి, వీలైతే ఆ మనిషి మాటలోనే. రెండోది వచ్చాక దాన్ని మొదటిదానితో పోల్చండి. తేడా కనిపించిన చోట అర పేజీ రాయండి. ఆ అర పేజీలే రేపు మీ అధ్యాయాలవుతాయి. పది ఇంటర్వ్యూలకి సాఫ్ట్‌వేర్ అవసరం లేదు, ప్రింట్ తీసి రంగు పెన్నులతో చేయండి.

ఇది ఎలా నడుస్తుందో మీ విషయంతోనే ఊహించి చూపిస్తాను. మొదటి ఇద్దరి మాటల్లో ‘రేటింగ్ తగ్గడం’ అని గుర్తు పెట్టారనుకోండి. మూడో మనిషి అంటాడు: ‘తగ్గితే తగ్గింది, ఎవరిచ్చారో తెలిస్తే బాగుండు’. అక్కడ ఆగండి. వెనక్కి వెళ్ళి మొదటి ఇద్దరినీ మళ్ళీ చదవండి. వాళ్ళు కూడా బాధపడింది తగ్గినందుకా, ఎందుకు తగ్గిందో చెప్పేవాడు లేనందుకా? రెండోదే అయితే మీ విషయం రేటింగ్ కాదు, కారణం చెప్పని పెత్తనం. నాలుగో ఇంటర్వ్యూలో ఆ దిశగా ఒక ప్రశ్న చేరుస్తారు. ఐదో మనిషి ‘నాకు కారణం తెలుసు, ఆఫీసులో మా బంధువున్నాడు’ అంటాడు. మీ ఆలోచనకు అడ్డొచ్చిన ఈ మనిషే అందరికన్నా విలువైనవాడు. అతన్ని పక్కన పెట్టేయకుండా, అతని ఒక్కడి దగ్గర ఎందుకు వేరుగా ఉందో తేల్చుకుంటే మీ వాదన గట్టిపడుతుంది.

ఇంకో జాగ్రత్త. మీరు అడిగిన ప్రశ్నలే థీమ్‌లుగా మారకూడదు. ‘ఆదాయం’, ‘పని గంటలు’, ‘కుటుంబం’ అని అధ్యాయాలు కడితే అవి అరలు మాత్రమే, అందులో మీరు కనుక్కున్నదేమీ లేదు. థీమ్ అంటే ఒక వాక్యం చెప్పగలగాలి. ‘కారణం తెలియని శిక్షను వాళ్ళు ఒకరికొకరు కథలు చెప్పుకుని భరిస్తారు’, ఇది థీమ్.

రాసేటప్పుడు శాతాల జోలికి వెళ్ళకండి. పది మందిలో ఏడుగురిని ‘70 శాతం’ అంటే మీ పని బలం పోయి బలహీనత ఒక్కటే కనిపిస్తుంది. ఎంతమంది అలా ఉన్నారో చెప్పడం సర్వే పని. ఒక అనుభవం ఎలా జరుగుతుందో, ఏ దారిలో నడుస్తుందో చెప్పడం మీ పని. మీ క్లాస్‌మేట్ సర్వేలో ‘సంతృప్తిగా ఉన్నాను’ అని టిక్ పెట్టిన మనిషి ఆ మాటతో ఏం చెప్పదలుచుకున్నాడో సర్వే చెప్పలేదు, మీరు చెప్పగలరు. అలాగే మీ పది మందిని చూసి ‘డెలివరీ పనివాళ్ళందరూ’ అని మొదలయ్యే వాక్యం మీరు రాయలేరు. రెండు పద్ధతులకీ హద్దులున్నాయి, మీ హద్దును మీరే ముందుగా ఒక పేజీలో రాసేస్తే వైవాలో ఎవరూ దాన్ని ఆయుధంగా వాడలేరు. మీరెవరు, మీ చదువు, మీ లింగం, మీ కుటుంబ నేపథ్యం వల్ల వాళ్ళు మీతో ఏం చెప్పారో, ఏం చెప్పలేదో కూడా అక్కడే రాయండి. వాళ్ళ మాటలను ఉన్నవున్నట్టు ఇచ్చే కోట్‌లు తక్కువగా వాడండి, వాడిన ప్రతిదానికీ ముందు ఆ మాట ఎప్పుడు, ఏ ప్రశ్నకి, ఏం చేస్తూ అన్నాడో ఒక వాక్యమైనా ఉండాలి.

సమయం ఇలా పంచుకోండి. మొదటి రెండు వారాలు అనుమతులు, ఫీల్డ్‌లో ఊరికే ఉండటం, ప్రశ్న చెక్కడం. తర్వాతి ఐదు వారాల్లో వారానికి రెండే ఇంటర్వ్యూలు, మిగతా రోజులు టైపింగ్, పోలిక. ఎనిమిదో వారం ఎవరినీ కలవకుండా మొత్తం చదవండి, ఖాళీలు కనిపిస్తే ఒకరిద్దరిని మళ్ళీ కలవండి. చివరి నాలుగు వారాలు రాయడానికి. మూడు వారాల్లో పన్నెండు ఇంటర్వ్యూలు ముగించేసే ప్లాన్ వేసుకుంటే పోల్చడానికి సమయం ఉండదు, ఆఖరి ఇంటర్వ్యూలోనూ మొదటి రోజు ప్రశ్నలే అడుగుతారు.

పది నిమిషాల్లో ముగిసిన ఆ రెండు ఇంటర్వ్యూలను మాత్రం పారేయకండి. ముందు ఈ రాత్రే, గుర్తున్నంత వరకు ఆ ఇద్దరి గురించి ఫీల్డ్ నోట్స్ రాయండి: ఎక్కడ కలిశారు, పక్కన ఎవరున్నారు, ఏ ప్రశ్న దగ్గర ఫోన్ వైపు చూశారు. తర్వాత వాళ్ళకు ఫోన్ చేసి, ‘అప్పుడు నేను సరిగ్గా అడగలేకపోయాను, ఇంకోసారి కలవొచ్చా?’ అని అడగండి. నా అనుభవంలో ఆ మాటకు కాదన్నవాళ్ళు తక్కువ. కలిసినప్పుడు ప్రశ్నల కాగితం బ్యాగులోనే ఉంచి, నిన్న పొద్దున ఫోన్ ఆన్ చేసిన దగ్గర నుంచి చెప్పమనండి.